మారుతి జిప్సీలో సస్పెన్షన్ లిఫ్ట్, పెద్ద టైర్లు

సస్పెన్షన్ లిఫ్ట్ అనగా వాహనపు ఇరుసులకు, ఛాసిస్‌కు మధ్యనున్న దూరాన్ని పెంచి వాహనాన్ని నేల నుండి మరింత ఎత్తున నిలబెట్టే మార్పు. రాళ్ళు, బురద, ఇసుక, వాగులు గల దారులలో నడపడానికి సిద్ధం చేసే జీపు తరహా వాహనాలలో ఈ మార్పును, దానితో పాటు పెద్ద టైర్ల అమరికను విరివిగా చేస్తుంటారు. భారతదేశంలో తక్కువ ఖర్చుతో ఇటువంటి వాహనాన్ని తయారు చేసుకోదలచినవారు ఎక్కువగా ఎంచుకున్న వాహనాలలో మారుతి జిప్సీ ఒకటి. తేలికైన బరువు, గట్టి ఛాసిస్, నాలుగు చక్రాలకూ శక్తినందించే ఏర్పాటు, సైన్యం వేలంలోనూ పాత వాహనాల విపణిలోనూ దొరకడం ఇందుకు కారణాలు.

లిఫ్ట్, టైర్లు అనే రెండింటిలో దేనిని ముందు నిర్ణయించుకోవాలన్నది ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. చాలామంది ముందు లిఫ్ట్ కొని, ఆ తరువాత టైర్ల గురించి ఆలోచిస్తారు. యంత్రశాస్త్రం ప్రకారం చూస్తే ఇది తిరగబడిన క్రమం.

వాహన నేపథ్యం

జిప్సీ 1985లో భారత విపణిలోకి వచ్చింది. ఇది జపాను దేశపు సుజుకి సంస్థ రూపొందించిన ఎస్‌జె410 అనే వాహనపు పొడవాటి రూపం. మొదటి జిప్సీలో 970 ఘనపు సెంటీమీటర్ల ఇంజను ఉండేది. 1993లో చక్రాల మధ్య వెడల్పును 90 మి.మీ. పెంచారు. దీనితో ముందు ట్రాక్ 1,210 మి.మీ. నుండి 1,300 మి.మీ.కు చేరింది. 1996లో 1,298 ఘనపు సెంటీమీటర్ల ఇంజనుతో జిప్సీ కింగ్, 2000లో పెట్రోలు ఇంజెక్షన్ పద్ధతి గల ఇంజను వచ్చాయి. సాధారణ కొనుగోలుదారులకు దీని అమ్మకం 2018-19లో ముగిసింది. భారత సైన్యం, పోలీసు శాఖలు, పులుల అభయారణ్యాలలో సందర్శకులను తిప్పే నిర్వాహకులు ఈ వాహనాన్ని దశాబ్దాల పాటు వాడారు.

అమెరికాలో 1985 నుండి 1995 వరకు అమ్ముడైన సుజుకి సమురాయ్ దీనికి దగ్గరి బంధువు. ఇరుసులు, ట్రాన్స్‌ఫర్ కేసు వంటి భాగాల అమరిక రెండింటిలోనూ ఒకే తీరులో ఉండటం వలన, సమురాయ్ యజమానులు చేసిన ప్రయోగాల అనుభవం జిప్సీకి కూడా చాలా వరకు వర్తిస్తుంది.

జిప్సీలో ముందు, వెనుక రెండూ దృఢమైన ఇరుసులే. రెండింటినీ కమాను పట్టీలే మోస్తాయి. ఈ పట్టీల కట్ట ఇరుసుకు అడుగు భాగంలో బిగించి ఉంటుంది. ఈ చిన్న వివరం తరువాత చెప్పబోయే ఒక పెద్ద మార్పుకు ఆధారం.

లిఫ్ట్ వలన ఏది పెరుగుతుంది, ఏది పెరగదు

దృఢమైన ఇరుసు గల వాహనంలో నేలకు అతి దగ్గరగా ఉండేది ఇరుసు మధ్యనుండే డిఫరెన్షియల్ గుండ్రని డిప్ప. స్ప్రింగులను ఎంత పొడవు చేసినా, ఎంత వంచినా ఈ డిప్ప ఉన్నచోటే ఉంటుంది. ఎందుకంటే అది స్ప్రింగుల మీద కాదు, టైర్ల మీద నిలబడి ఉంది. లిఫ్ట్ వలన ఛాసిస్, బాడీ, ఇంజను అడుగుభాగం, బంపర్లు పైకి లేస్తాయి. డిప్ప పైకి లేవాలంటే టైరు వ్యాసం పెరగవలసినదే, అదీ పెరిగిన వ్యాసంలో సగం మేరకే.

ఉదాహరణకు జిప్సీకి అమర్చిన 205/70 ఆర్15 టైరును తీసుకుంటే, 15 అంగుళాల రిమ్ము వ్యాసం 381 మి.మీ. టైరు గోడ ఎత్తు 205లో 70 శాతం, అనగా 143.5 మి.మీ. ఇది రిమ్ముకు పైనా క్రిందా ఉంటుంది కనుక మొత్తం వ్యాసం 668 మి.మీ. దీనికి బదులు 235/75 ఆర్15 వేస్తే వ్యాసం 733.5 మి.మీ. అవుతుంది. తేడా 65.5 మి.మీ. కాబట్టి ఇరుసు క్రింద లభించే అదనపు ఖాళీ 33 మి.మీ. మాత్రమే. 31 అంగుళాల టైరు వ్యాసం సుమారు 787 మి.మీ. దానితో దాదాపు 60 మి.మీ. లభిస్తుంది.

చూడటానికి ఇవి చిన్న అంకెలే. రాయికి డిప్ప తగిలి వాహనం నిలిచిపోవడానికి, తగలకుండా దాటిపోవడానికి మధ్య తేడా చాలాసార్లు ఇంతకంటే తక్కువ. మరోవైపు, టైర్లు మార్చకుండా 100 మి.మీ. లిఫ్ట్ చేసిన జిప్సీ చూపరులకు గంభీరంగా కనిపించినా, అదే రాయికి అదే చోట తగులుతుంది.

దీనిని బట్టి క్రమం తేలుతుంది. వాహనం తిరగబోయే నేలను బట్టి టైరు పరిమాణం నిర్ణయించుకోవాలి. ఆ టైరు మడ్‌గార్డులకు రాసుకోకుండా తిరగడానికి కావలసినంత మాత్రమే లిఫ్ట్ చేయాలి. లిఫ్ట్ ప్రధానంగా టైరుకు చోటు కల్పించే సాధనం. బంపరు అంచులు, ఛాసిస్ మధ్యభాగం గట్లకు తగలకుండా పైకి లేవడం దానితో పాటు వచ్చే ప్రయోజనం.

కుంగిన కమానులు

పాత జిప్సీ కొన్నవారు మొదట చేయవలసిన పని కొలవడం. ఇరవై ఏళ్ళు బరువు మోసిన కమాను పట్టీలు తమ వంపును కోల్పోయి దాదాపు చదునుగా అయిపోతాయి. ఇటువంటి వాహనానికి కొత్తగా, కర్మాగారపు కొలతలతోనే ఉన్న పట్టీలను వేసి, అరిగిన బుష్‌లను, షాక్ అబ్జార్బర్లను మార్చితే, లిఫ్ట్ అనే పేరు లేకుండానే పోయిన ఎత్తు తిరిగి వస్తుంది. అనేక సందర్భాలలో ఈ ఒక్క పనితోనే 215/75 ఆర్15 టైర్లకు చోటు దొరుకుతుంది. తక్కువ ఖర్చు దృష్టిలో ఉన్నవారికి దీనికి మించిన ఆరంభం లేదు. కుంగిన పట్టీల మీద లిఫ్ట్ సామగ్రి అమర్చడం బలహీనమైన పునాది మీద అంతస్తు వేయడం వంటిదే.

లిఫ్ట్ పద్ధతులు

అన్నిటికంటే చౌకైన పద్ధతి పొడవైన షాకిల్స్. కమాను కట్ట ఒక చివర ఛాసిస్‌కు స్థిరంగా, మరొక చివర షాకిల్ అనే కదిలే జత పట్టీలతో బిగించి ఉంటుంది. షాకిల్‌ను పొడవు చేస్తే ఆ చివర క్రిందికి దిగి ఛాసిస్ పైకి లేస్తుంది. ఇరుసు కట్ట మధ్యలో ఉంటుంది కనుక షాకిల్ 50 మి.మీ. పెరిగితే వాహనం లేచేది సుమారు 25 మి.మీ. మాత్రమే. ముందు ఇరుసుకు షాకిల్ వాహనం ముక్కు వైపున ఉంటుంది. అందువలన పొడవైన షాకిల్ ముందు ఇరుసును ముక్కు వైపు క్రిందికి తిప్పి, కాస్టర్ కోణాన్ని తగ్గిస్తుంది. మలుపు తిరిగిన తరువాత స్టీరింగు తనంతట తాను నిటారుగా తిరిగి వచ్చేది ఈ కోణం వలననే. అది తగ్గినప్పుడు రహదారి మీద వాహనం అటూ ఇటూ తూలుతుంది. ఇరుసుకు, పట్టీలకు మధ్య వాలు ముక్కలు పెట్టి దీనిని సరిచేయవచ్చు. షాకిల్ మరీ పొడవైతే పక్కకు ఊగే గుణం కూడా వస్తుంది.

రెండవ పద్ధతి ఎక్కువ వంపు గల కొత్త పట్టీలు వేయడం, లేదా ఉన్న కట్టకు ఒకటి రెండు పట్టీలు చేర్చడం. కొత్త పట్టీలు ఖరీదైనవే గాని 50 నుండి 75 మి.మీ. లిఫ్ట్‌కు ఇదే శుభ్రమైన మార్గం. పట్టీలు చేర్చడం చౌక. అయితే జిప్సీ ప్రయాణం ఎంత కుదుపుగా ఉంటుందో దానిలో కూర్చున్నవారందరికీ తెలిసినదే. మరో పట్టీ చేరితే ఆ కుదుపు పెరగడమే కాక, అసలు ప్రయోజనమే దెబ్బతింటుంది. ఎగుడుదిగుడు నేలలో ఒక చక్రం గుంటలోకి దిగి, మరొకటి గట్టు మీదికి ఎక్కినప్పుడు నాలుగూ నేలను అంటిపెట్టుకుని ఉండాలి. బిరుసెక్కిన కమానులు అలా సాగవు. గాలిలోకి లేచిన చక్రం ఊరకే తిరుగుతుంది, సాధారణ డిఫరెన్షియల్ శక్తినంతటినీ దానికే పంపుతుంది, వాహనం కదలదు. ఎత్తుగా ఉన్న బిరుసు వాహనం కంటే తక్కువ ఎత్తులో మెత్తగా సాగే వాహనం ముందుకు పోవడం ఈ కారణం చేతనే తరచుగా కనిపిస్తుంది.

మూడవది కమాను కట్టను ఇరుసు అడుగు నుండి తీసి ఇరుసు పైకి మార్చడం. పాత పట్టీలతోనే సుమారు 5 అంగుళాల ఎత్తు వస్తుంది, మెత్తదనం పోదు. పట్టీలు, వాటి బిగింపు పలకలు రాళ్ళకు తగలకుండా పైకి పోతాయి. అందుకే సమురాయ్ యజమానులలో ఇది బాగా ప్రచారం పొందింది. పైకి ఉచితంగా కనిపించే ఈ ఎత్తుకు వెల మరోచోట చెల్లించాలి. ఇరుసు మీద కొత్త ఆధార పలకలను సరైన కోణంలో వెల్డింగు చేయాలి. స్టీరింగు కడ్డీ ఏటవాలు పెరిగి, గుంటలలో పడినప్పుడు స్టీరింగు దానంతటదే తిరిగే లక్షణం వస్తుంది కనుక దాని అమరికను మార్చాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌లకు పొడవు చాలదు. బ్రేకు వేసినప్పుడు, ఒక్కసారిగా శక్తినిచ్చినప్పుడు ఇరుసు మెలితిరిగి పట్టీలు ఎస్ ఆకారంలో వంగుతాయి. ఇరుసు మీది వెల్డింగు ఊడితే చక్రాలు, స్టీరింగు అదుపు తప్పుతాయి. అందుచేత అనుభవం లేని పనివారి చేతిలో పెట్టదగిన పని కాదు.

బాడీ లిఫ్ట్ అనేది సస్పెన్షన్ లిఫ్ట్ కాదు. ఇందులో ఛాసిస్‌కు, బాడీకి మధ్య దిమ్మలు పెట్టి బాడీని మాత్రమే లేపుతారు. ఇంజను, గేరుపెట్టె ఉన్నచోటే ఉంటాయి కనుక గరిమనాభి తక్కువగా పెరుగుతుంది. ఒక అంగుళం వరకు ఇది సమంజసమైన చౌక మార్గం. మడ్‌గార్డు లోపలి అంచులను కొద్దిగా కోయడం అంతకంటే చౌక.

ఈ పద్ధతులన్నీ కమాను పట్టీల వాహనాలకే వర్తిస్తాయి. 2010లో వచ్చిన మొదటి మహీంద్రా థార్‌లో ముందు చక్రాలకు టార్షన్ బార్ స్వతంత్ర సస్పెన్షన్ ఉండేది. బార్‌ను బిగించి ఎత్తు పెంచితే ఇరుసు షాఫ్ట్ కీళ్ళ కోణం పెరిగి అవి త్వరగా అరుగుతాయి. 2023లో భారతదేశంలో విడుదలైన ఐదు తలుపుల జిమ్నీలో చుట్ట స్ప్రింగులు ఉన్నాయి. అటువంటి వాహనాన్ని లేపితే, ఇరుసును అడ్డంగా పట్టి ఉంచే కడ్డీ దానిని ఒక పక్కకు లాగుతుంది.

టైరు ఎంపిక

టైరు పరిమాణం పెరిగిన కొద్దీ సమస్యలు అదే నిష్పత్తిలో కాక, వేగంగా పెరుగుతాయి. సమురాయ్ యజమానుల అనుభవంలో 29 అంగుళాల లోపు టైర్లు స్వల్ప మార్పులతోనే సరిపోతాయి. 30, 31 అంగుళాల టైర్లకు 2 నుండి 3 అంగుళాల లిఫ్ట్‌తో పాటు మడ్‌గార్డు కోత అవసరమవుతుంది. 33 అంగుళాలంటే కమానులను ఇరుసు పైకి మార్చవలసినదే. తక్కువ ఖర్చుతో, ఇంటి నుండి అడవి దారి వరకు తనంతట తానే నడిచి వెళ్ళే జిప్సీకి 215/75 ఆర్15 లేదా 235/75 ఆర్15 సరైన హద్దు.

నమూనా విషయంలో, అన్ని నేలలకు పనికివచ్చే ఏటీ టైర్లు రహదారి మీద నిశ్శబ్దంగా ఉండి తడిలో బాగా పట్టుకుంటాయి. బురద కోసం చేసిన ఎంటీ టైర్లలో గళ్ళు పెద్దవి, వాటి మధ్య ఖాళీలు వెడల్పు. వర్షాకాలంలో తెలంగాణ, రాయలసీమలలోని నల్లరేగడి నేల ఏటీ టైరు గాళ్ళలో నిండి దానిని నున్నటి చక్రంగా మార్చివేస్తుంది. ఎంటీ టైరు తిరిగే వేగానికి ఆ మట్టిని విసిరివేస్తుంది. ఇసుకలో మాత్రం లోతైన గళ్ళు త్రవ్వుకుంటూ పోయి చక్రాన్ని పాతిపెడతాయి. అక్కడ గాలి తగ్గించిన ఏటీ టైరుదే పైచేయి.

గాలి తగ్గించడం ఖర్చు లేని మార్పు. జిప్సీ వంటి తేలిక వాహనంలో కఠినమైన దారి మొదలయ్యే చోట పీడనాన్ని 15 నుండి 18 పీఎస్ఐ వరకు దించితే టైరు నేలను తాకే భాగం పొడవవుతుంది, పట్టు పెరుగుతుంది. రహదారి ఎక్కే ముందు తిరిగి నింపుకోవాలి. కనుక చిన్న గాలి పంపు వెంట ఉండటం తప్పనిసరి.

రిమ్ముల విషయానికి వస్తే, జిప్సీ చక్రానికి 139.7 మి.మీ. వలయం మీద 5 బోల్టులు ఉంటాయి. పాత విల్లిస్ జీపు కొలత కూడా ఇదే. బోల్టులు కలిసినా మధ్య రంధ్రం, రిమ్ము లోతు సరిచూసుకోవాలి. చక్రాన్ని మరీ బయటకు నెట్టే రిమ్ము బేరింగుల మీద, స్టీరింగు మీద భారం మోపుతుంది. అదనపు చక్రం కూడా అదే పరిమాణంలో ఉండాలి. నాలుగు చక్రాలకూ శక్తి అందుతున్నప్పుడు ముందు, వెనుక టైర్ల వ్యాసం వేరైతే గేర్ల మధ్య బిగువు ఏర్పడి ట్రాన్స్‌ఫర్ కేసు దెబ్బతినవచ్చు. నాలుగు టైర్లకే డబ్బు లెక్క వేసుకుని ఐదవదాన్ని మరచిపోవడం సాధారణంగా జరిగే పొరపాటు.

గేర్లు, బ్రేకులు

668 మి.మీ. నుండి 733.5 మి.మీ.కు మారితే టైరు ఒక చుట్టుకు దాదాపు 10 శాతం ఎక్కువ దూరం పోతుంది. మీటరు గంటకు 60 కి.మీ. చూపుతున్నప్పుడు అసలు వేగం 66 కి.మీ. అవుతుంది. ఇంజను తన శక్తిని అంతే మేరకు పెద్ద చక్రం మీద ఖర్చు పెట్టాలి. 31 అంగుళాల టైరుతో ఈ తేడా 18 శాతం. చిన్న ఇంజను గల జిప్సీకి ఇది ఎక్కువ నష్టం. ఘాట్ రోడ్డులో ఒక గేరు క్రిందికి దిగవలసి వస్తుంది, రాళ్ళలో క్లచ్ కాలుతుంది.

ఇక్కడ సుజుకి నిర్మాణంలోని ఒక విశేషం ఉపయోగపడుతుంది. ఈ వాహనాలలో ట్రాన్స్‌ఫర్ కేసు గేరుపెట్టెకు అతికి ఉండదు. చిన్న షాఫ్ట్‌తో కలిపి విడిగా ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. పైగా హై రేంజిలో కూడా అది 1.409 నిష్పత్తితో వేగాన్ని తగ్గిస్తుంది. లో రేంజి నిష్పత్తి 2.268. కాబట్టి రెండు ఇరుసులనూ విప్పి డిఫరెన్షియల్ గేర్లు మార్చే బదులు, ఈ ఒక్క పెట్టెను దించి లోపలి గేర్లు మార్చితే రెండు రేంజిలూ మారతాయి. సమురాయ్ మొదటి గేరులో, లో రేంజిలో ఇంజను నుండి చక్రానికి మొత్తం తగ్గింపు సుమారు 31 రెట్లు. 4.16 నిష్పత్తి గల గేర్ల సెట్టు వేస్తే అది దాదాపు 57 రెట్లవుతుంది. వాహనం మనిషి నడక కంటే మెల్లగా, క్లచ్ తొక్కకుండా రాళ్ళ మీద పాకుతుంది. ఇటువంటి సెట్లు అమెరికాలో చాలా కాలం నుండి అమ్మకంలో ఉన్నాయి. దిగుమతి ఖర్చు భరించలేనివారికి టైరు పరిమాణాన్ని అదుపులో ఉంచుకోవడమే మార్గం.

ముందు ఇరుసు చివరల ఉండే కీళ్ళు ఈ వాహనాల బలహీన స్థానం. పెద్ద టైర్లు వేసి, స్టీరింగు పూర్తిగా తిప్పి ఉంచి, ఒక్కసారిగా యాక్సిలరేటరు తొక్కితే అవి విరుగుతాయి.

బ్రేకుల మీద ప్రభావాన్ని ఎక్కువమంది పట్టించుకోరు. పెడలు మీద అదే బలం ఉపయోగిస్తే, వ్యాసం 10 శాతం పెరిగిన టైరు అంచు వద్ద ఆపే బలం సుమారు 9 శాతం తగ్గుతుంది. టైరు, రిమ్ము బరువు కూడా పెరుగుతాయి. లిఫ్ట్ చేసిన వాహనంలో బ్రేకు గొట్టాల పొడవు చాలకపోవడం మరింత ప్రమాదకరం. వాహనాన్ని జాకీ మీద ఎత్తి, చక్రాలు పూర్తిగా క్రిందికి వేలాడినప్పుడు, స్టీరింగు రెండు వైపులా తిప్పి, గొట్టం బిగుసుకుంటున్నదేమో చూడాలి. గొట్టం తెగినట్లయితే అది తెలిసేది తరువాతి వంపులోనే.

బోల్తా ప్రమాదం

వాహనం పక్కకు ఒరగకుండా నిలిచే శక్తిని అంచనా వేయడానికి ట్రాక్ వెడల్పులో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగిస్తారు. ట్రాక్ 1,300 మి.మీ., గరిమనాభి ఎత్తు 650 మి.మీ. అనుకుంటే ఆ నిష్పత్తి 1.0. అనగా సిద్ధాంతరీత్యా 45 డిగ్రీల వాలు వరకు నిలుస్తుంది. 75 మి.మీ. లిఫ్ట్, 33 మి.మీ. టైరు ఎత్తు చేరితే నిష్పత్తి 0.86కు, వాలు దాదాపు 41 డిగ్రీలకు తగ్గుతుంది. స్ప్రింగులు, టైర్లు ఒకవైపు నొక్కుకుపోవడం వలన నిజమైన హద్దు ఇంకా తక్కువ. పైకప్పు మీద సామాను, అదనపు చక్రం పెడితే మరింత తగ్గుతుంది. 1993కు ముందు వచ్చిన ఇరుకు ట్రాక్ జిప్సీలకు ఈ లెక్క ఇంకా కఠినం.

1988లో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక, హఠాత్తుగా తప్పించే మలుపులలో సమురాయ్ సులభంగా ఒరుగుతున్నదని ప్రకటించి, దానికి ఆమోదయోగ్యం కాదనే శ్రేణిని ఇచ్చింది. ఆ పరీక్షను తప్పుపడుతూ సుజుకి సంస్థ 1996లో వేసిన దావా 2004లో రాజీతో ముగిసింది. ఆ వివాదంలో ఎవరి వాదన ఎలా ఉన్నా, అది మార్పులు చేయని వాహనం గురించినదని గుర్తుంచుకోవాలి.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్నవాటికి భిన్నమయ్యే విధంగా యజమాని వాహనాన్ని మార్చరాదు. కేరళకు సంబంధించిన ఒక వ్యాజ్యంలో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది చేసిన చట్ట సవరణతో వచ్చిన 182ఎ సెక్షను, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు శిక్ష, లేదా రెండూ విధించే వీలు కల్పించింది. ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ మార్పులను కారణంగా చూపి పరిహారాన్ని నిరాకరించే అవకాశం కూడా ఉంది. అందువలన భారీగా లిఫ్ట్ చేసిన వాహనాలను కొందరు యజమానులు రహదారి మీద నడపకుండా, లారీల మీద పోటీ స్థలాలకు తీసుకువెళ్తారు. కర్మాగారపు కమానులు, కొద్దిపాటి టైరు మార్పు గల జిప్సీకి, ఎత్తుగా లేపిన జిప్సీకి మధ్య ఖర్చులో గల అసలైన తేడాలో ఈ లారీ బాడుగను కూడా కలుపుకోవలసి ఉంటుంది.